పేరు గాలిది, పని దోమది

మలేరియా అనే మాటకు అసలు అర్థం ‘చెడు గాలి’. ఇటాలియన్ భాషలో ‘మాలా’ అంటే చెడ్డది, ‘ఆరియా’ అంటే గాలి. మొదట ‘మాల్ ఆరియా’గా విడివిడిగా పలికిన ఈ జంట పదం ఇంగ్లిష్‌లోకి వచ్చాక అతుక్కుపోయి ఒకే మాట అయింది. ఈ పేరులో దోమ లేదు, రక్తంలో చేరే పరాన్నజీవి లేదు, రోగిని మంచం మీద కుదిపేసే చలి కూడా లేదు. బురద నేలల నుంచి లేచే దుర్గంధపు గాలి పీలిస్తే ఈ జ్వరం వస్తుందన్న పాత నమ్మకం ఒక్కటే ఉంది. ఆ నమ్మకం తప్పని తేలి 125 ఏళ్లు దాటింది. దాన్ని కూలదోసిన పరిశీలన జరిగింది కూడా పరాయి దేశంలో కాదు. సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని పోతే సుమారు వంద కిలోమీటర్ల దూరంలో వచ్చే సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గరి ఒక చిన్న ఆస్పత్రిలో.

సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో ఈ రోగాన్ని సలిజరం అంటారు. పుస్తకాల భాషలో అది చలిజ్వరం. మధ్యాహ్నం ఎండలో కూడా దుప్పటి మీద దుప్పటి కప్పమని అడిగే మనిషిని, పళ్లు టకటకలాడే మనిషిని చూసినవాళ్లు పెట్టిన పేరిది. చలి తగ్గగానే పెయ్యి కాలిపోతుంది, ఆ తర్వాత చెమటతో బట్టలు తడిసి ముద్దవుతాయి. ఒక రోజు హాయిగా తిరిగి, మరునాడు అదే వేళకు మళ్లీ మంచం పట్టేవాళ్లూ ఉంటారు. ఆయుర్వేదం ఈ తీరును బాగా గమనించింది. ఒక క్రమం తప్పకుండా తిరగబెట్టే జ్వరాలను విషమజ్వరాలని వేరుచేసి, మూడో రోజున వచ్చేదాన్ని తృతీయకమనీ, నాలుగో రోజున వచ్చేదాన్ని చతుర్థకమనీ పిలిచింది. యూరప్ వైద్యులు కూడా లాటిన్‌లో సరిగ్గా ఇవే లెక్కలతో టెర్షియానా, క్వార్టానా అన్నారు. మొదటి రోజునూ లెక్కలో కలుపుకోవడం వల్ల రోజు విడిచి రోజు వచ్చే జ్వరం రెండుచోట్లా ‘మూడో రోజు జ్వరం’ అయింది. ఎంతో దూరంలో ఉన్న రెండు వైద్య సంప్రదాయాలు ఒకే రోగిని ఇంత శ్రద్ధగా చూశాయన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

గోదావరి, విశాఖ ఏజెన్సీల వైపు దీనికే మన్యం జ్వరం అని పేరు. కొండల్లోకి వెళ్లిన మైదాన ప్రాంతపు ఉద్యోగులు, వ్యాపారులు జ్వరంతో తిరిగి రావడం తరచూ చూసిన జనం చోటును బట్టి పెట్టిన పేరు అది. అంటే తెలుగువాళ్లు ఈ రోగాన్ని ఒకచోట లక్షణంతో, ఇంకోచోట తావుతో గుర్తుపట్టారు. కారణం తమకు తెలుసని ఏ పేరులోనూ చెప్పుకోలేదు. ఇటాలియన్ పేరు మాత్రం కారణమే చెప్పబోయి తప్పులో కాలేసింది.

ఇంగ్లిష్ వాళ్లకూ మలేరియా కంటే ముందు వేరే మాట ఉండేది. దాన్ని ‘ఏగ్యూ’ అనేవారు. లాటిన్‌లో తీవ్రజ్వరాన్ని చెప్పే ‘ఫెబ్రిస్ అక్యూటా’లోని రెండో ముక్క ఫ్రెంచి నోట అరిగి ఏగ్యూగా మిగిలింది. ఇంగ్లాండ్ తూర్పు తీరపు చిత్తడి నేలల్లో ఒకప్పుడు ఈ జ్వరం ఉండేది కాబట్టి ఆ మాట ఊరూరా తెలిసిందే, షేక్‌స్పియర్ నాటకాల్లో కూడా కనిపిస్తుంది. మొదటి ముక్క ఫెబ్రిస్ నుంచి ‘ఫీవర్’ వచ్చింది. ఫెబ్రిస్ అన్నది రోమన్లకు జ్వరం పేరే కాదు, జ్వరదేవత పేరు కూడా. ఆమెకు రోమ్ నగరంలోని పాలటైన్ కొండ మీద గుడి ఉండేది. జబ్బు వస్తే పోచమ్మకు బోనం ఎత్తే తెలంగాణ పల్లెకు ఈ సంగతి వింతగా తోచదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాలకు కూడా 1813 నాటి గత్తర (కలరా) భయమే మొదలని చెబుతారు.

రోమ్ చుట్టూ ఉన్న పల్లపు నేలలు, దక్షిణాన ఉన్న పోంటైన్ చిత్తడి శతాబ్దాల తరబడి ఈ జ్వరానికి పుట్టిళ్లు. వేసవి ముదిరేసరికి ఉన్నవాళ్లు నగరం వదిలి ఎత్తయిన కొండ ఊళ్లకు వెళ్లిపోయేవారు. లేనివాళ్లు పొలాల్లోనే ఉండి జ్వరపడేవారు. బురద ఉన్నచోట జ్వరం ఉంది, కంపు ఉంది. బురద లేనిచోట రెండూ లేవు. సాయంత్రం చీకటి పడ్డాక బయట తిరిగినవాళ్లకే ఎక్కువగా వస్తోంది. వీటన్నిటినీ కలిపి చూస్తే గాలి మీద అనుమానం రావడం సహజమే. కుళ్లిన నేల నుంచి లేచే ఈ విషపు ఆవిరిని వైద్యులు ‘మయాస్మా’ అన్నారు. మైల, కాలుష్యం అని అర్థమిచ్చే గ్రీకు మాట అది. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో వారో అనే రోమన్ పండితుడు వ్యవసాయం మీద రాస్తూ, చిత్తడి నేలల్లో కంటికి కనిపించని జీవులు పుట్టి, గాలితో పాటు నోట్లోంచి, ముక్కులోంచి ఒంట్లో చేరి రోగాలు తెస్తాయని హెచ్చరించాడు. సూక్ష్మదర్శిని పుట్టడానికి పదహారు వందల ఏళ్ల ముందు వచ్చిన ఆలోచన అది. ఆ జీవులు చేరే దారి ముక్కు కాదు, చర్మమని తెలియడం ఒక్కటే మిగిలింది.

తెలుగు నోట కూడా గాలికి ఈ అపవాదు ఉంది. ఊరు మారినవాడికి ఒళ్లు బాగాలేకపోతే ‘అక్కడి గాలి, నీళ్లు పడలేదు’ అంటారు. పసిబిడ్డ ఏడుపు ఆపకపోతే ‘గాలి సోకింది’ అంటారు. కనిపించకుండా తాకేది గాలి ఒక్కటే కాబట్టి కనిపించని కారణాలన్నీ దాని నెత్తినే పడ్డాయి.

ఇటలీ మాట ఇంగ్లిష్‌లో అడుగుపెట్టిన తేదీ దాదాపు కచ్చితంగా తెలుసు. హోరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లిష్ రచయిత 1740లో రోమ్ నుంచి రాసిన ఉత్తరంలో, ప్రతి వేసవిలో నగరం మీద పడి మనుషుల్ని చంపే భయంకరమైనదిగా ‘మాల్ ఆరియా’ను ప్రస్తావించాడు. ఇంగ్లిష్ రాతలో దొరుకుతున్న తొలి ప్రయోగాల్లో అది ఒకటి. ఇంగ్లిష్‌లో ‘సెరెండిపిటీ’ అనే మాటను పుట్టించింది కూడా ఈ వాల్‌పోలే. 1827లో జాన్ మెకల్లక్ అనే వైద్యుడు మలేరియా పేరుతో ఏకంగా ఒక పుస్తకం రాసి, ఆ మాటను వైద్య భాషలో స్థిరపరిచాడు. అయితే వాల్‌పోల్‌కైనా, మెకల్లక్‌కైనా మలేరియా అంటే జ్వరం కాదు, ఆ గాలే. జ్వరాన్ని ‘మలేరియల్ ఫీవర్’ అనేవారు, అంటే చెడుగాలి వల్ల వచ్చే జ్వరం. తర్వాతి దశాబ్దాల్లో జ్వరం అన్న ముక్క మెల్లగా జారిపోయి, కారణం పేరే రోగానికి అంటుకుపోయింది.

ఈ మాటను సంస్కృతంలోని ‘మల’ శబ్దంతో కలిపి అర్థం చెప్పబోతే మాత్రం పొరపాటవుతుంది. ఇక్కడి ‘మాల్’ లాటిన్‌లో చెడు అని అర్థమున్న ‘మాలుస్’ నుంచి వచ్చింది. వార్తల్లో రోజూ కనిపించే మాల్‌ప్రాక్టీస్, మాల్‌న్యూట్రిషన్ మాటల్లో ముందున్నదీ అదే. ‘ఆరియా’కు, ఇంగ్లిష్ ‘ఎయిర్’కు మూలం ఒకటే.

తప్పు ఊహే అయినా దాని వల్ల మేలు జరగలేదని చెప్పలేం. చెడుగాలికి భయపడి మడుగులు పూడ్చారు, చిత్తడి నేలల్లో నీళ్లు పారిపోయేలా కాలువలు తవ్వారు, చీకటి పడగానే కిటికీలు మూసుకున్నారు. వాళ్లు ఆపాలనుకున్నది గాలిని, ఆగింది దోమ. అందుకే జ్వరాలు కొన్నిచోట్ల నిజంగానే తగ్గాయి, తగ్గినందువల్ల ఊహ మీద నమ్మకం ఇంకా బలపడింది. ఈ సిద్ధాంతం అంతకాలం నిలవడానికి ఇదొక పెద్ద కారణం.

మొదటి దెబ్బ 1880 నవంబర్ 6న పడింది. అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫోన్స్ లావరాన్ ఒక జ్వరం రోగి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుండగా, అందులో ప్రాణమున్నవేవో కదిలాయి. తర్వాత ప్లాస్మోడియం అనిపించుకున్న పరాన్నజీవి అదే. రోగం గాలిలో లేదు, రక్తంలో ఉంది. మరి ఒకరి రక్తంలోంచి మరొకరి రక్తంలోకి ఎలా పోతోంది? బోదకాలు తెచ్చే పురుగు దోమ కడుపులో పెరుగుతుందని చైనాలో పనిచేసినప్పుడు కనిపెట్టిన పాట్రిక్ మాన్సన్, దీనికీ దోమే కారణమై ఉంటుందని అనుమానించాడు. 1894లో లండన్‌కు సెలవు మీద వచ్చిన ఒక సైనిక వైద్యుడికి ఆ పరాన్నజీవిని చూపించి, ఈ అనుమానాన్ని కూడా అప్పగించాడు. ఆ వైద్యుడు రోనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టాడు, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు.

1895లో సికింద్రాబాద్‌కు వచ్చిన నాటి నుంచి రెండేళ్లలో రాస్ ఎన్నో దోమల్ని కోశాడు. ఫలితం రాలేదు. ఎందుకంటే ఆయన కోసినవన్నీ ఎక్కువగా దొరికే బూడిద రంగు దోమలు, చారల దోమలు. మలేరియాను మోసే దోమ వాటిలో లేదు. 1897లో నీలగిరుల దగ్గరి సిగూర్ ఘాట్‌కు వెళ్లినప్పుడు రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమ కంటబడింది. అక్కడే ఆయనకూ మలేరియా పట్టుకుంది.

తిరిగి సికింద్రాబాద్‌కు వచ్చాక ఆగస్టులో అలాంటి మచ్చల రెక్కల దోమల పిల్లలు నీళ్లలో దొరికాయి. వాటిని సీసాలో పెంచి, రెక్కలొచ్చాక హుసేన్ ఖాన్ అనే జ్వరం రోగి మీద దోమతెరలో వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఆయనకు ఒక అణా చొప్పున ఇచ్చారు. వానాకాలపు ఉక్కపోత. పంకా ఊపితే కోసి పెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని రాస్ పంకా వద్దన్నాడు. నుదుటి చెమట, చేతుల చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. దానికి మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగిలి ఉంది.

ఆగస్టు 20న, హుసేన్ ఖాన్ రక్తం తాగిన నాలుగో రోజున, ఒక దోమను కోసి దాని కడుపు గోడను అంగుళం అంగుళం వెతికాడు. అక్కడ గుండ్రటి కణం ఒకటి కనిపించింది. దాని లోపల నల్లటి రవ్వలు ఉన్నాయి. అవే రవ్వలను ఆయన రోగుల రక్తంలో వందలసార్లు చూసి ఉన్నాడు. పరాన్నజీవి ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ను తిని మిగిల్చే నల్ల మడ్డి అది. దోమ కడుపులో ఆ రంగు మామూలుగా ఉండేది కాదు. మరునాడు ఇంకో దోమను కోస్తే కణాలు మళ్లీ ఉన్నాయి, కాకపోతే ముందు రోజు కంటే పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయంటే ప్రాణమున్నవే. ఆ ఏడాది డిసెంబర్‌లో ఈ వివరాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ఆ వ్యాసానికి ఆధారం రెండంటే రెండే దోమలు.

తర్వాత రాస్‌కు కలకత్తా బదిలీ అయింది. 1898లో అక్కడ పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ కడుపులోంచి లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో మరో పక్షికి అంటుతుందని పూర్తిగా నిరూపించాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం అదే ఏడాది రుజువు చేసింది. చెడుగాలి అనే పేరు పెట్టిన దేశమే ఆ పేరు తప్పని తేల్చడంలో పాలుపంచుకుంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. భారత గడ్డ మీద పుట్టి నోబెల్ అందుకున్న మొదటి మనిషి ఆయనే. లావరాన్‌కు 1907లో ఇచ్చారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. బేగంపేటలోని ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో, రాస్ పేరుతోనే ఉంది. హుసేన్ ఖాన్ పేరు అంతగా ఎవరికీ తెలియదు. ఆయన చెయ్యి చాపకపోతే ఆ రెండు దోమల్లో ఏమీ ఉండేది కాదు. పిల్లల పాఠ్యపుస్తకంలో రాస్ పక్కన ఆ పేరుకూ చోటివ్వడం న్యాయం.

ఈ రోగం చుట్టూ ఉన్న మిగతా మాటల కథలు కూడా ఇలాంటివే. మచ్చల రెక్కల దోమ జాతికి శాస్త్రవేత్తలు 1818లోనే అనాఫిలిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు అర్థం ‘ఎందుకూ పనికిరానిది’. అప్పటికి దాని అసలు నేరం ఎవరికీ తెలియదు. మందు పేరు క్వినైన్‌కు మూలం దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల కెచువా భాష. ఆ మందునిచ్చే చెట్టు బెరడును ఆ భాషవాళ్లు ‘కినా’ అనేవారు. ఆ బెరడులోని సారాన్ని 1820లో ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు విడదీసి, ఆ పేరే కొద్దిగా మార్చి పెట్టారు. చెట్టుకు సింకోనా అనే పేరు పెరూ వైస్రాయి భార్య, చించోన్ ప్రభువు ఇల్లాలి మీద వచ్చింది. ఆ బెరడుతో ఆమె జ్వరం తగ్గిందన్న కథ ఆధారంగా వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు, కథ మాత్రం నిజం కాదని తర్వాత తేలింది.

ఊహతో పుట్టిన రోగం పేర్లు మరికొన్ని ఉన్నాయి. ఇన్‌ఫ్లుయెంజా కూడా ఇటలీదే, నక్షత్రాల ప్రభావం వల్ల వచ్చే జబ్బు అని దాని భావం. కలరా అనే పేరును గ్రీకులో పైత్యంతో ముడిపెడతారు. తెలంగాణలో దానికి ఉన్న గత్తర అనే పేరు రోగాన్ని దాటి వెళ్లి, ఊరంతా అల్లకల్లోలమైనా ‘గత్తర గత్తర అయింది’ అనేదాకా వచ్చింది. సలిజరంలా ఒంటిని చూసి పెట్టిన పేరు కావాలంటే చికున్‌గున్యా ఉంది. తూర్పు ఆఫ్రికాలోని మకొండె భాషలో ‘వంగిపోయేలా చేసేది’ అని దాని అర్థం. 2006లో ఆ జ్వరం తెలుగు జిల్లాలను చుట్టేసినప్పుడు కీళ్ల నొప్పులతో నడుం ఎత్తలేక నడిచినవాళ్లకు ఆ అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

తప్పని తేలాక కూడా మలేరియా పేరు మారలేదు. అప్పటికే ఆ మాట వైద్య పుస్తకాల్లో, సైన్యం లెక్కల్లో, మందుల సీసాల మీద పాతుకుపోయింది. ఫ్రెంచి, స్పానిష్ భాషలు మాత్రం చిత్తడి నేలను చెప్పే లాటిన్ మాటతో పాలుడిజం, పాలుడిస్మో అని కూడా అంటాయి. మన మన్యం జ్వరంలా అదీ తావును బట్టి వచ్చిన పేరు. తెలుగులోకి ఇంగ్లిష్ మాటే వచ్చింది. ఊళ్లలో దాన్ని స్థిరపరిచినవాళ్లు మలేరియా విభాగపు సిబ్బంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా సుమారు 7.5 కోట్ల మందికి ఈ రోగం సోకి, 8 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. వీపు మీద పంపు మోసుకుంటూ వచ్చి గోడలకు డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ వేసి పోయేవాళ్లు ఒకరు. జ్వరమున్నవాళ్ల వేలు గుచ్చి గాజు పలక మీద నెత్తుటి బొట్టు తీసుకునేవాళ్లు ఇంకొకరు. 1965కల్లా కేసులు లక్షకు దిగాయి. ఆ తర్వాత పని సడలింది, దోమలు మందుకు అలవాటు పడ్డాయి, 1976లో మళ్లీ 64 లక్షలకు ఎగబాకాయి. ఆ పాఠం ఏ ప్రభుత్వమూ మరవకూడనిది. ఇప్పుడు 2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2023లో ప్రపంచవ్యాప్తంగా 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలు ఉన్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికాలోనే, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలే.

సిద్దిపేట ప్రాంతం చెరువుల నేల. బతుకమ్మ నాడు కోమటి చెరువు గట్టున పూలు నిండే రోజులు, వానలు వెనకబడి జ్వరాలు ముందుకొచ్చే రోజులు దాదాపు ఒకటే. రంగనాయక సాగర్, మల్లన్న సాగర్ వచ్చాక కాలువలు, వరి మడులు ఊళ్లకు మరింత దగ్గరయ్యాయి. ఆ నీళ్లు కావాల్సినవే. కానీ పల్లెల్లో మలేరియాను మోసే ప్రధాన దోమ మురికి కాలువలో కాదు, తేట నీళ్లలో గుడ్లు పెడుతుంది, పగటిపూట పశువుల కొట్టాల్లో, ఇళ్ల చీకటి మూలల్లో దాక్కుంటుంది.  కంపు లేదు కాబట్టి రోగం లేదనుకోవడం చెడుగాలి కాలం నాటి పొరపాటే. నీళ్లలోని పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి తొట్లు, గోలాలు, కూలర్లు ఖాళీ చేసి ఆరబెట్టమని ఆరోగ్య శాఖ శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే.

చలితో జ్వరం వస్తే గాలి మారిందనో, వానకు తడిసినందుకనో సరిపెట్టుకోకుండా ఆ రోజే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి రక్తం పరీక్ష చేయించుకోవాలి. వేలి మీంచి ఒక్క చుక్క నెత్తురు చాలు. త్వరిత పరీక్ష కిట్టు మీద ఇరవై నిమిషాల్లో ఫలితం తెలిసిపోతుంది.